ఎదిగే పిల్లలే కదా అని వదులు హెల్మెట్ కొనకండి



ఏటా జూన్ మాసంలో బడులు తెరిచిన తరువాత వారం పది రోజుల పాటు మా చీపురుపల్లి వీధుల్లో ఒక ముచ్చటైన దృశ్యం కనిపిస్తుంది. కొత్త సంచులు, కొత్త యూనిఫారాలు, కొత్త సైకిళ్ళు. యూనిఫారం చేతులు మోచేతుల కిందికి వేలాడుతుంటాయి. బూట్ల ముందు భాగంలో వేళ్ళు అందని చోట దూది కుక్కి ఉంటుంది. సైకిలు సీటు మీద కూర్చుంటే పిల్లవాడి పాదాలు నేలకు ఆనవు. ఎందుకిలా అని అడిగితే తల్లిదండ్రులు చెప్పే సమాధానం ఒక్కటే: "ఎదిగే పిల్లలు కదండీ."

ఈ మాటను నేను ఎగతాళి చేయను. మా తరం అంతా అలాగే పెరిగింది. అన్న చొక్కా తమ్ముడికి, అక్క పరికిణీ చెల్లెలికి వచ్చేవి. పొదుపు తెలిసిన కుటుంబాలకు అది వివేకమే. అయితే ఈ వివేకం పనిచేయని వస్తువు ఒకటి ఉన్నది. అది సైకిలు తొక్కే పిల్లల హెల్మెట్. వదులు చొక్కా చొక్కాయే. వదులు హెల్మెట్ మాత్రం హెల్మెట్ కాదు. ఈ ఒక్క విషయాన్ని మీ మనస్సుకు ఎక్కించాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా నా పొరపాటు చెప్పుకోవాలి. కొన్నేళ్ళ కిందట మా మనుమడికి సైకిలు కొన్నప్పుడు హెల్మెట్ కూడా కొన్నాను. ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేసినవాడిని కాబట్టి ఆ మాత్రం జాగ్రత్త నాకు తెలుసుననుకున్నాను. దుకాణంలో రెండు సైజులు చూపించారు. "రెండేళ్ళు వస్తుంది" అనుకుంటూ పెద్దదే తీసుకున్నాను. నెల తిరగకముందే మా వీధి మలుపులో వాడు సైకిలుతో ముందుకు పడ్డాడు. హెల్మెట్ వెనక్కి జారి మెడ మీదకు పోయింది. నుదురు సిమెంటు రోడ్డును తాకింది. మూడు కుట్లతో పోయింది కనుక ఈ రోజు ఆ సంగతి తేలికగా చెప్పగలుగుతున్నాను. హెల్మెట్ ఉన్నది, ధరించాడు, బకిల్ కూడా పెట్టుకున్నాడు. అయినా దెబ్బ తగలవలసిన చోటే తగిలింది. తప్పు వాడిది కాదు, హెల్మెట్‌ది కాదు, కొన్న తాతది.

మరచిపోలేని ఒక రాత్రి

ఇంత చిన్న విషయానికి ఇంత పట్టుదల ఎందుకని మీకు అనిపించవచ్చు. దానికి కారణమైన సంఘటన ముప్పై ఏళ్ళ నాటిది. అప్పుడు నేను ఈ ప్రాంతంలోనే ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నాను. తొమ్మిదవ తరగతి చదివే ఒక అమ్మాయి, అన్నగారి పాత సైకిలు మీద బడికి వెళ్ళివచ్చేది. మన పల్లెల్లో రోడ్డే కళ్ళం కదా. వరి, చోళ్ళు, మొక్కజొన్న, గోగునార, ఏ కాలానికి ఆ పంట తారురోడ్డు మీద ఆరుతుంటుంది. ఆ సాయంత్రం ఆరబోసిన గింజల మీద ఆమె సైకిలు చక్రం జారింది. తల పక్క భాగం రోడ్డుకు తగిలింది.

అమ్మాయి తానే లేచింది. సైకిలు నడిపించుకుంటూ ఇంటికి వచ్చింది. అర్ధరాత్రి ఆమెను జీపులో నా దగ్గరకు తెచ్చినప్పుడు తల్లి చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ వినిపిస్తాయి: "బాబూ, సాయంత్రం పడిపోనాది గానీ తనే లేచి నడిసొచ్చినాది. అన్నం కూడా తిన్నాది. నిద్దరోతే తగ్గిపోద్దని ఊరుకున్నాం." అప్పటికే అమ్మాయికి స్పృహ లేదు. ఒక కంటిపాప పెద్దదై వెలుతురుకు కదలడం లేదు.

పుర్రె పక్క భాగంలో ఎముక పలుచగా ఉంటుంది. దానికి లోపలి వైపు ఒక ధమని ప్రవహిస్తుంది. ఎముక చిట్లినప్పుడు ఆ ధమని తెగితే, పుర్రెకూ మెదడు పొరకూ నడుమ రక్తం కొద్దికొద్దిగా చేరుతుంది. మొదటి కొన్ని గంటలు మనిషి బాగానే ఉన్నట్టు కనిపించవచ్చు. మాట్లాడతాడు, నడుస్తాడు, తింటాడు. చేరిన రక్తం మెదడును నొక్కడం మొదలుపెట్టిన తరువాత పరిస్థితి నిమిషాల మీద మారిపోతుంది. సకాలంలో పుర్రె తెరిచి ఆ రక్తం తీసివేస్తే చాలామంది బతుకుతారు. కానీ ఆ శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రి విశాఖపట్నంలో, చీపురుపల్లి నుంచి సుమారు 90 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. అప్పటికి 108 అంబులెన్సులు లేవు. మన రాష్ట్రంలో ఆ సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది. ఆ అమ్మాయి దారిలోనే కన్నుమూసింది.

ఇందులో ఎవరినీ నిందించడానికి లేదు. ఆ రోజుల్లో పిల్లల సైకిలు హెల్మెట్ అనే వస్తువును మా పల్లెల్లో ఎవరూ చూసి ఉండరు, నేను కూడా చూడలేదు. కానీ కథ అక్కడితో ముగియలేదు. ఆ ఊరి నుంచి అదే బడికి సైకిలు మీద వెళ్ళే మరి ఇద్దరు అమ్మాయిల చేత తల్లిదండ్రులు సైకిలు మాన్పించారు. సైకిలు మానడంతో బడి కూడా మానింది. ఒక పడిపాటు ముగ్గురు పిల్లల చదువును ఆపింది. అందుచేత ఈ వ్యాసం చదివి "అయ్యో, ఇంత ప్రమాదమా, మా అమ్మాయికి సైకిలు వద్దు" అనుకుంటే నా శ్రమంతా వృథా. సైకిలు ఉండాలి. దానితో పాటు తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలి.

హెల్మెట్ ఏమి చేస్తుంది?

గుడి మెట్టు మీద కొట్టిన కొబ్బరికాయ ఒక్క దెబ్బకు పగులుతుంది. అదే కాయను అంతే బలంగా గడ్డివాము మీద వేస్తే పగలదు. వేగం ఒకటే, కాయ ఒకటే. తేడా ఎక్కడున్నది? రాతి మీద కాయ ఉన్నపళాన ఆగిపోతుంది. గడ్డి మీద కొంత లోపలికి దిగి, నెమ్మదించి ఆగుతుంది. హెల్మెట్ లోపల ఉండే నురుగు చేసే పని ఇదే. అది మన టీవీల పెట్టెల్లో వచ్చే థర్మాకోల్ జాతికే చెందినది, అయితే దానికంటే గట్టిది. తల నేలను తాకినప్పుడు ఆ నురుగు నలిగి, తల ఆగే దూరాన్ని కొద్ది మిల్లీమీటర్ల నుంచి సెంటీమీటరు, రెండు సెంటీమీటర్ల వరకు పెంచుతుంది. మెదడుకు తగిలే అదురు ఆ మేరకు తగ్గుతుంది.

ఒకటిన్నర మీటరు ఎత్తు నుంచి, అంటే సైకిలు మీద కూర్చున్న పిల్లవాడి తల ఉండే ఎత్తు నుంచి పడిన వస్తువు నేలను తాకేసరికి గంటకు 19 కిలోమీటర్లకు పైగా వేగం పుంజుకుంటుంది. సైకిలు నిలబడి ఉన్నా సరే, పక్కకు ఒరిగితే తల పొందే వేగం దీనికి దగ్గరగా ఉంటుంది. "మావాడు నెమ్మదిగానే తొక్కుతాడు" అన్న ధైర్యం అందుకే నిలవదు. దెబ్బను నిర్ణయించేది సైకిలు వేగం మాత్రమే కాదు, తల ఉన్న ఎత్తు కూడా. యూరప్‌లో సైకిలు హెల్మెట్లకు పాటించే ఈఎన్ 1078 ప్రమాణం కూడా సుమారు ఈ ఎత్తు నుంచి పడినప్పటి వేగంతోనే హెల్మెట్‌ను ఇనుప దిమ్మ మీద పడవేసి పరీక్షిస్తుంది.

ఇక ఫలితాల సంగతి. అమెరికాలోని సియాటిల్ నగర వైద్యులు 1989లో ప్రచురించిన అధ్యయనంలో హెల్మెట్ వల్ల తల గాయాల ప్రమాదం 85 శాతం తగ్గిందని చెప్పారు. ఆ అంకె కొంత ఎక్కువ అంచనా అని తరువాత విమర్శలు వచ్చాయి. ఆస్ట్రేలియా పరిశోధకులు 40 అధ్యయనాలను, 64 వేలకు పైగా క్షతగాత్రుల వివరాలను కలిపి చూసి 2016లో మరింత జాగ్రత్తైన లెక్క చెప్పారు. దాని ప్రకారం హెల్మెట్ ధరించినవారిలో తల గాయాలు 51 శాతం, తీవ్రమైన తల గాయాలు 69 శాతం, ప్రాణాంతకమైన తల గాయాలు 65 శాతం తక్కువ. పూర్తి రక్షణ కాదు. కానీ వెయ్యి రూపాయలకు అటూఇటూగా దొరికే వస్తువు ఇంత మేలు చేయడం వైద్యంలో అరుదు.

తల అంత వేగంగా పెరగదు

ఇప్పుడు మళ్ళీ "ఎదిగే పిల్లలు కదండీ" అన్న మాటకు వద్దాం. పిల్లల వైద్యంలో మొదట నేర్చుకునే పాఠాల్లో ఒకటి తల చుట్టుకొలత. పుట్టినప్పుడు అది సుమారు 34, 35 సెంటీమీటర్లు. ఏడాది నిండేసరికి 45 దాటుతుంది. అయిదారేళ్ళకు 50, 51 అవుతుంది. పెద్దవారి తల 54 నుంచి 57 సెంటీమీటర్లు. అంటే ఒకటవ తరగతిలో చేరిన పిల్ల పెళ్ళీడుకు వచ్చేలోపు ఎత్తు దాదాపు ఒక మూర పెరిగినా, తల పెరిగేది నాలుగైదు సెంటీమీటర్లే. మెదడు ఆరేళ్ళ వయస్సుకే దాదాపు తొంభై శాతం పెరిగి ఉంటుంది.

అందుచేత చొక్కాకు వర్తించే లెక్క తలకు వర్తించదు. ఈ రోజు సరిగ్గా సరిపోయిన హెల్మెట్, వెనుక బిగించే చక్రం ఉన్నదైతే, మూడు నాలుగేళ్ళు సరిపోతుంది. ముందు చూపుతో పెద్దది కొనవలసిన అవసరమే లేదు.

కొనేటప్పుడు

దుకాణానికి పిల్లను వెంట తీసుకువెళ్ళండి. ఆన్‌లైన్‌లో కొనేటట్టయితే ముందు కొలత తీసుకోండి. దర్జీ టేపును కనుబొమలకు ఒక అంగుళం పైగా, వెనుక తల బాగా ఉబ్బెత్తుగా ఉన్నచోటు మీదుగా చుట్టండి. టేపు లేకపోతే దారంతో చుట్టి, దారాన్ని స్కేలు మీద కొలవండి. హెల్మెట్ల మీద 48–52, 52–56 అని సెంటీమీటర్లలో సైజు ఉంటుంది. మీ కొలత రెండు సైజుల అంచున పడితే, రెండూ పెట్టి చూసి కదలకుండా నిలిచేదే తీసుకోండి. వయస్సును బట్టి కొనకండి.

లోపలి అతుకు కాగితం చదవండి. మోటారు వాహనాల హెల్మెట్‌కు మన దేశంలో ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. అది ఐఎస్ 4151 అనే ప్రమాణం. సైకిలు హెల్మెట్ మీద ఈఎన్ 1078 అని గాని, అమెరికా ప్రమాణమైన సీపీఎస్‌సీ అని గాని ఉన్నదేమో చూడండి. ఏ గుర్తూ లేని, లోపల నురుగు లేకుండా ప్లాస్టిక్ డిప్ప, పలుచని స్పాంజి మాత్రమే ఉన్న వస్తువు జాతరలో కొనే బొమ్మతో సమానం.

మరి కొన్ని ప్రత్యామ్నాయాలు మన ప్రాంతంలో చూస్తుంటాను. గనుల్లో, ఫ్యాక్టరీల్లో పనిచేసే తండ్రుల పసుపురంగు టోపీ పిల్లల తలకెక్కుతుంది. అది పైనుంచి పడే వస్తువు నుంచి కాపాడేందుకు చేసినది, పక్కకు పడే తలను కాపాడేందుకు కాదు. క్రికెట్ హెల్మెట్ బంతి కోసం. తండ్రి మోటారు సైకిలు హెల్మెట్ కిలోకు పైగా బరువు ఉంటుంది. పదేళ్ళ పిల్ల మెడకు అది భారం, చెవులకు మూత, వేసవిలో ఉక్క. సైకిలు హెల్మెట్ బరువు పావు కిలోకు కొంచెం అటూఇటూ మాత్రమే. గాలి ఆడే రంధ్రాలు ఎక్కువగా ఉన్నది, పసుపు, నారింజ వంటి లేత ప్రకాశవంతమైన రంగుది ఎంచుకోండి. లారీ డ్రైవరుకు మసక వెలుతురులో కనిపించాలి కదా. ఆ పరిధిలో ఏ రంగు కావాలో పిల్లనే అడగండి. తాను ఎంచుకున్నదాన్ని పిల్ల ధరిస్తుంది. మనం రుద్దినదాన్ని మలుపు తిరగగానే తీసి సంచిలో పెడుతుంది.

ఒకరు వాడినది కొనకండి, పెద్దపిల్లవాడిది చిన్నవాడికి ఇచ్చేటప్పుడు కూడా ఆలోచించండి. నురుగు ఒక్కసారే నలుగుతుంది, మళ్ళీ కోలుకోదు. గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి నిగనిగలాడుతున్నా లోపల దాని పని అయిపోయినట్టే. దాని చరిత్ర మీకు పూర్తిగా తెలిస్తేనే మరొకరికి ఇవ్వండి.

పెట్టే పద్ధతి

హెల్మెట్ సరిగా ఉన్నదో లేదో తేల్చడానికి ఒక్క నిమిషం చాలు. పిల్లను ఎదురుగా నిలబెట్టండి.

మొదటిది నుదురు. హెల్మెట్ ముందు అంచు కనుబొమలకు రెండు వేళ్ళ ఎత్తున ఉండాలి. బొట్టు పెట్టుకునే చోటుకు కొంచెం పైగా నుదురు దాదాపు అంతా కప్పబడాలి. జుట్టు కనిపించాలని వెనక్కి తోసి పెట్టుకోవడం పిల్లలకు ఇష్టం. ముందుకు పడినప్పుడు మొదట నేలను తాకేది ఆ నుదురే.

రెండవది చెవులు. రెండు వైపులా పట్టీలు చెవి కింద కలిసి ఆంగ్ల అక్షరం 'వి' ఆకారంలో ఉండాలి. చెవి మీదుగా పోకూడదు.

మూడవది గడ్డం. బకిల్ పెట్టిన తరువాత పట్టీకి గడ్డానికి నడుమ ఒక వేలు మాత్రమే దూరాలి. పిల్లను నోరు బాగా తెరిచి ఆవులించమనండి. హెల్మెట్ తల మీద కిందికి లాగినట్టు తెలియాలి. తెలియకపోతే పట్టీ వదులుగా ఉన్నట్టు.

చివరిది కదలిక. బకిల్ తీసివేసి, వెనుక చక్రం బిగించి, పిల్లను ముందుకు వంగి తల అటూ ఇటూ ఊపమనండి. హెల్మెట్ ఊడి పడకూడదు. తరువాత హెల్మెట్‌ను చేత్తో పట్టి పక్కలకు కదిలించండి. దానితో పాటు నుదుటి చర్మం కూడా కదిలితే సరిపోయినట్టు. హెల్మెట్ ఒక్కటే తిరిగితే, అది ఎంత ఖరీదైనదైనా వెనక్కి ఇచ్చివేయండి. మా మనుమడి విషయంలో నేను చేయని పరీక్ష ఇదే.

మన ఆడపిల్లల జడల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. బడికి రెండు జడలు వేసి, మడిచి, చెవుల దగ్గర రిబ్బన్లతో కడతారు. చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఆ మడతలు పట్టీలను పక్కకు నెట్టి హెల్మెట్‌ను పైకి లేపుతాయి. జడలను కొంచెం కిందుగా వేసి, వదిలేసి, బడికి వెళ్ళిన తరువాత మడిచి కట్టుకోమనండి. నడినెత్తిన కొప్పు, పెద్ద క్లిప్పు, పూలదండ హెల్మెట్ కింద ఉండకూడదు. చున్నీ కొసలు వేలాడకుండా వెనక్కి ముడివేయాలి. చక్రంలో చుట్టుకుంటే హెల్మెట్ ఆపలేదు. శీతాకాలం పొద్దుట మంకీ క్యాపు పెట్టి దానిపై హెల్మెట్ పెట్టడం కూడా మన దగ్గర కనిపిస్తుంది. మందపాటి ఊలు టోపీ కింద ఉంటే హెల్మెట్ జారుతుంది. చెవులకు చలి అయితే పలుచని గుడ్డ చుట్టండి.

ఇంకొక ముఖ్యమైన హెచ్చరిక. సైకిలు దిగగానే హెల్మెట్ తీసివేయాలి. మన పిల్లలు దారిలో జామచెట్టో, చింతచెట్టో, జీడిమామిడో కనిపిస్తే ఎక్కకుండా ఉండరు. హెల్మెట్‌తో చెట్టెక్కిన పిల్ల తల కొమ్మల నడుమ ఇరుక్కుని, గడ్డం పట్టీ మెడకు ఉరిగా మారవచ్చు. విదేశాల్లో ఆటస్థలాల్లో ఇలా పసిపిల్లలు మరణించిన తరువాతే, బలంగా లాగితే తనంతట తానే ఊడే బకిల్‌తో చిన్నపిల్లలకు ఈఎన్ 1080 అనే వేరే ప్రమాణం రూపొందించారు. సైకిలు మీద తలమీద, సైకిలు దిగితే హ్యాండిల్‌కు: ఈ నియమం మొదటి రోజే నేర్పండి.

శుభ్రం చేయడానికి సబ్బునీళ్ళు, మెత్తని గుడ్డ చాలు. మరకలు పోవాలని పెట్రోలు, కిరోసిను, థిన్నరు వాడితే నురుగు పాడవుతుంది. రేకుల షెడ్డులో, ఎండలో నిలిపిన కారులో వదిలివేయకండి. దాని మీద కూర్చోనివ్వకండి.

దెబ్బ తగిలితే

హెల్మెట్ ఉన్నా లేకపోయినా తలకు గట్టి దెబ్బ తగిలిన పిల్లను ఆ రోజంతా, ఆ రాత్రంతా కనిపెట్టి ఉండాలి. మళ్ళీ మళ్ళీ వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, తెలివి తప్పడం, అసహజమైన మత్తు, పొంతన లేని మాటలు, ఫిట్స్, కాలు చేయి బలహీనత, కంటిపాపల్లో తేడా, చెవి ముక్కుల నుంచి రక్తం గాని నీరు గాని కారడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగకండి. 108కి ఫోన్ చేయండి. "బొప్పి కట్టింది కాబట్టి భయం లేదు, లోపలికి పోలేదు" అన్న మాటను నమ్మకండి. బొప్పి పైన కట్టినంత మాత్రాన లోపల ఏమీ జరగలేదని కాదు. నిద్రపోతే తగ్గిపోతుందని ఊరుకున్న ఆ తల్లి తప్పు చేయలేదు. ఆమెకు చెప్పినవారు లేరు. మీకు ఇప్పుడు తెలిసింది.

చట్టమా, అలవాటా?

సైకిలు మోటారు వాహనం కాదు కనుక సైకిలు తొక్కేవారికి హెల్మెట్ తప్పనిసరి అని మన చట్టం చెప్పదు. తప్పనిసరి చేయాలని కొందరు అంటారు. నేను దానికి అనుకూలం కాదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 1990 జూలైలో ప్రపంచంలో అందరికంటే ముందు అటువంటి చట్టం చేసింది. తరువాత జరిపిన లెక్కింపుల్లో సైకిలు తొక్కే కౌమార వయస్కుల సంఖ్య తగ్గినట్టు కనిపించింది. మరోవైపు నెదర్లాండ్స్‌లో హెల్మెట్ ధరించేవారు చాలా తక్కువ. అయినా సైకిలు అక్కడ సురక్షితమే, ఎందుకంటే సైకిళ్ళకు వేరే దారులు ఉన్నాయి. ఈ వాదనలో నిజం ఉన్నది. మంచి దారి ఉంటే హెల్మెట్ అవసరం తగ్గుతుంది. కానీ మా అమ్మాయిలు తొక్కేది ఆమ్‌స్టర్‌డామ్ వీధుల్లో కాదు. విజయనగరం, పాలకొండల నడుమ లారీలు, బస్సులు, ఆటోలు, ఆరబోసిన గింజలు అన్నీ పంచుకునే రోడ్డు మీద. వేరే దారులు వచ్చేదాకా పిల్లల తలలు వేచి ఉండలేవు.

జరిమానా భయంతో పేద కుటుంబం సైకిలు మాన్పించకూడదు. అందుకని నేను కోరేది చట్టం కాదు, కానుక. బీహార్ ప్రభుత్వం 2006లో బడికి వెళ్ళే ఆడపిల్లలకు సైకిళ్ళు సమకూర్చడం మొదలుపెట్టింది. మన రాష్ట్రంలోనూ 'బడికొస్తా' పేరుతో ప్రభుత్వ ఉన్నత పాఠశాలల అమ్మాయిలకు సైకిళ్ళు పంచారు. ఇది మెచ్చుకోదగిన పని. ఇకముందు ప్రభుత్వం గాని, దాతలు గాని, సంస్థలు గాని పిల్లలకు సైకిలు ఇచ్చినప్పుడు, తాళం, గంటతో పాటు తలకు కొలిచిన హెల్మెట్ కూడా ఇవ్వాలి. ఒకే సైజు వంద హెల్మెట్లు తెచ్చి పంచి ఫొటో దిగడం కాదు. బడిలో ఒక పూట వ్యాయామ ఉపాధ్యాయుడు, ఊరి ఏఎన్ఎమ్ కలిసి పిల్లల తలలు కొలిస్తే చాలు. ఒక టేపు, ఒక పుస్తకం, ఒక గంట.

అన్నిటికంటే పెద్ద పాఠం ఇంట్లోనే ఉన్నది. మోటారు సైకిలు మీద నాలుగేళ్ళు దాటిన ప్రతి ఒక్కరూ హెల్మెట్ ధరించాలని 2019లో సవరించిన చట్టం చెబుతోంది. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలకు కూడా హెల్మెట్, పెద్దవారికి కట్టే భద్రతా పట్టీ ఉండాలని, వేగం 40 కిలోమీటర్లు దాటరాదని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన అమల్లోకి వచ్చింది. మరి మనం చేస్తున్నదేమిటి? బిడ్డను పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టి, హెల్మెట్‌ను మోచేతికి తగిలించుకుని, కూడలిలో పోలీసు కనిపిస్తే తలకు పెట్టుకుంటున్నాం. ట్యాంకు మీద కూర్చున్న ఆ బిడ్డ అన్నీ చూస్తుంటాడు. హెల్మెట్ అంటే తలకోసం కాదు, పోలీసు కోసం అని అప్పుడే నేర్చుకుంటాడు. పదేళ్ళ తరువాత వాడికి మనం ఎంత చెప్పినా తలకెక్కదు.

కాబట్టి ఈ జూన్‌లో పిల్లలకు యూనిఫారం కుట్టించేటప్పుడు చేతులు రెండు అంగుళాలు వదులుగా పెట్టించండి. బూట్లు ఒక సైజు పెద్దవే కొనండి. నేను అడ్డు చెప్పను. హెల్మెట్ మాత్రం ఈ రోజు ఉన్న తలకు కొనండి. రేపటి తల పెరగాలంటే ఈ రోజు తల క్షేమంగా ఉండాలి.

మీ పిల్లలందరూ సైకిలు గంట మోగిస్తూ బడికి వెళ్ళి, సాయంత్రం మళ్ళీ అదే గంట మోగిస్తూ ఇంటికి రావాలని కోరుకుంటూ, సెలవు.